చెవి మేస్త్రి

"ఈ ఏడు వాన మెత్తగా పడుతోందే," అన్నాడు మా ఆయన, షెడ్డు గుమ్మంలో నిలబడి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

నేను మిషను ఆపి ఆయన వంక చూశాను. మా షెడ్డుకి రేకుల కప్పు. ఆ పూట వాన ఆ రేకుల్ని ఎలా బాదుతోందంటే, నా కుట్టుమిషను చప్పుడు నాకే వినిపించక, దారం తెగిన సంగతి తెలియక, సగం కాలరు వట్టి సూదితో కుట్టుకుపోయాను. గోడ అవతల నుంచి పక్కింటావిడ ఏదో అడుగుతోంటే నోరు కదలడమే తప్ప మాట తెలియలేదు. అలాంటి వానని పట్టుకుని మెత్తగా పడుతోందంటాడు. వేళాకోళమేమోనని మొహం చూశాను. వేళాకోళం లేదు. ఆరుబయట పెట్టిన సామాను తడిసిపోతుందేమోనన్న మామూలు దిగులే ఉంది.

నేను దారం ఎక్కించడం మానేసి ఆయన చెవుల వంక చూశాను.

అంతకు ముందు అనుమానాలు రాకపోలేదు. పిలిస్తే పలికేవాడు కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఏ మొగుడు పిలవగానే పలుకుతాడులే అని సరిపెట్టుకున్నాను. కానీ ఈయన రోడ్డు మలుపులో వస్తున్న బండి మోత విని, ఇంట్లో కూర్చునే దాని రోగం చెప్పిన మనిషి. అందుకే ఆయనకి చెవి మేస్త్రి అని పేరు. అసలు పేరు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

పాత మోటారు సైకిళ్ళు బాగుచేయడం ఆయన పని. స్కూలు యూనిఫారాలు కుట్టడం నా పని. ఇంటి ముందు గదిలో నా మిషను, దాన్ని ఆనుకుని షెడ్డు, మధ్యలో తలుపు లేని గుమ్మం. స్కూళ్ళు తెరిచే రోజులు కనుక వానాకాలమంతా నా ముందు నీలం గుడ్డ గుట్టగా పడి ఉంటుంది. నడుం నొప్పి, కళ్ళ మంట, వాటి మీద ఆదివారాలొకటి.

ఆదివారం పొద్దున్నే ఆ ముగ్గురూ దిగేవారు. బళ్ళంటే చెవి కోసుకునే మనుషులు. మొదటివాడు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయినాయన. అందరూ పాతసామాను అంటారు. ఆ పేరు పెట్టింది ఆయన భార్యే. మా ఇంట్లో పాతసామాను ఎక్కువైపోయింది, అందులో మొదటిది ఈయనేనని ఎవరితోనో అంటే అది అంటుకుపోయింది. రెండోవాడు పళ్ళ డాక్టరు. ఆయనకి పక్కన తొట్టి తగిలించిన బండి ఉంది. భార్య ఆ తొట్టిలో కూర్చోనని ఒట్టు పెట్టుకుంది కనుక అందులో హెల్మెట్టు ఒక్కటే ప్రయాణం చేస్తుంది. మూడోవాడు కుర్రాడు, ఫోన్ల షాపులో పని. కొనేది లేదు, ఎక్కేది లేదు, కానీ లోకంలో ఎక్కడ ఏ రేసు కారు బయటకి వచ్చినా వీడి ఫోనులోకి ముందు వచ్చేది. "మొన్న లాంచయింది, నిన్న లాంచయింది" అని బుర్ర తింటుంటే వాడికి లాంచింగు అని పేరు పడింది.

వాళ్ళకో ఆచారం ఉంది. ఎవరు బండి తెస్తే వాళ్ళు కిక్కు కొట్టాలి. మా ఆయన అటు తిరిగి, కళ్ళు మూసుకుని నిలబడి వినాలి. ఆయన నోరు విప్పేదాకా మిగతావాళ్ళు టీ గుక్క కూడా మింగకూడదు. నేను పెట్టిన టీలు ఎన్ని చల్లారిపోయాయో ఆ షెడ్డులో. ఆయన చివరికి కళ్ళు తెరిచి, "వాల్వు కింద ఖాళీ ఎక్కువైంది," అనో, "చెయిను కాదురా, లోపల పళ్ళు," అనో చెప్పగానే, వాళ్ళు సినిమా హీరోని చూసినట్టు చూసి అప్పుడు తాగేవారు.

వాన మాట అన్న తరువాతి ఆదివారం, నేను టీలు పట్టుకెళ్ళేసరికి చర్చ మంచి పాకంలో ఉంది.

"నూనె పంపు చేత్తో కొట్టుకుంటూ నడపాలి దాన్ని," అంటున్నాడు పాతసామాను, ఏదో పాతకాలం బండి గురించి సొంత కూతురి తెలివితేటలు చెప్పుకుంటున్నట్టు. "కాసేపు మర్చిపోయామా, ఇంజను పట్టేస్తుంది."

"అది బండా బాబాయ్, చంటిపిల్లా? నడపాలా, పాలు పట్టాలా?" అన్నాడు లాంచింగు.

"వెనక చక్రంలోనే ఇంజను ఉన్న బండి చూశావురా ఎప్పుడైనా? డీజిలు పోస్తే నడిచే మోటారు సైకిలు? ఎడం పక్క కిక్కు? నీ కార్లన్నీ ఒకే అచ్చులో పోసిన సబ్బు బిళ్ళలు."

"సబ్బు బిళ్ళా? చూడండి దీన్ని." లాంచింగు ఫోను అందరి ముక్కుల కింద పెట్టాడు. "కరెంటు కారు. మొన్నే లాంచయింది. రెప్ప కొట్టేలోపు వంద దాటుతుంది. చప్పుడే ఉండదు. చప్పుడు కావాలి అనుకున్నవాళ్ళకి స్పీకర్లలోంచి ఇంజను మోత వేస్తారట."

"స్పీకర్లలోంచా!" పాతసామాను ఒంటికాలి మీద లేచాడు. "అన్నం పెట్టకుండా వంట వాసన చూపించి పంపుతారా? చప్పుడు లేని బండికి ప్రాణం ఉంటుందా? డాక్టరుగారూ, మీరైనా చెప్పండి."

"నేనెందుకు, మేస్త్రి ఉండగా," అన్నాడు డాక్టరు.

ముగ్గురూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన అప్పటిదాకా లాంచింగు పెదాలనే చూస్తున్నాడు. ఎవరు మాట్లాడితే వాళ్ళ నోటి మీదికి చూపు మారుతోంది. అది నేనొక్కదాన్నే గమనించాను.

"నాకు నచ్చింది," అన్నాడు. "చప్పుడుతో పనేముంది? బండి పని పోవడమేగా."

లాంచింగు ఫోను కిందికి దించాడు. తరువాత డాక్టరు పగలబడి నవ్వాడు. మేస్త్రి భలే చమత్కారం చేశాడని పాతసామాను తొడ చరిచాడు. నాకు నవ్వు రాలేదు. ఖాళీ ట్రే పట్టుకుని నా మిషను దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

ఆ రోజు డాక్టరు బండి కిక్కు కొడితే మా ఆయన అటు తిరగలేదు. ఎదురుగా వచ్చి పెట్రోలు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రోగం సరిగ్గానే చెప్పాడు. "చూశారా, ఇదివరకు చెవి, ఇప్పుడు నాడి పడుతున్నాడు!" అని లాంచింగు మురిసిపోయాడు. మనిషి దిగజారుతోంటే వాళ్ళకి పైకెక్కినట్టు కనిపించింది.

ఇంట్లో నా పరిస్థితి తల ప్రాణం తోకకి రావడమే. పొద్దున లేస్తే అరుపులు. అన్నానికి రండి అని అరవాలి, గ్యాసు అయిపోయిందని అరవాలి. "వాళ్ళింట్లో ఎప్పుడూ గొడవేనమ్మా," అని పక్కింటావిడ వీధంతా చెప్పింది. ముద్దుగా ఒక మాట అనాలన్నా వీధికి వినపడేట్టు అనాలి కనుక ఆ మాటలు మానేశాను. షెడ్డు బల్బు స్విచ్చి నా మిషను పక్కనే ఉంటుంది. గొంతు పోయాక దాన్ని టపటపా కొట్టడం మొదలుపెట్టాను. బల్బు ఆరి వెలిగితే ఆయన తల ఎత్తి చూసేవాడు. ఎందుకలా పిలుస్తున్నావని ఆయన అడగలేదు.

"చెవుల డాక్టరుకి చూపిద్దామండీ," అన్నానొకసారి, ఎదురుగా నిలబడి.

"నాకేం? అందరూ గొణగడం మరిగారు," అని చరచరా వెళ్ళిపోయాడు.

కానీ ఆయనకి తెలుసు. ఒక మధ్యాహ్నం గుమ్మంలోంచి చూశాను. షెడ్డులో ఎవరూ లేరు. ఇంజను నడుస్తోంది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టి, కదలకుండా వంగి ఉన్నాడు. చెవులు మోయనిది ఎముకలు మోస్తున్నాయి. బయట అడుగుల అలికిడి అయింది. ఆయనకి వినపడదు కదా. నేనే గబగబా స్విచ్చి కొట్టాను. ఆయన పిడి నోట్లోంచి తీసి చేతిలోకి మార్చుకున్నాడు. లాంచింగు లోపలికి వచ్చేసరికి మామూలు మేస్త్రి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

చెవి మేస్త్రికి చెవి పోయిందంటే ఇంకేం మిగిలింది? ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆయన్ని దాటి బయటకి పొక్కకుండా చూడటమొక్కటే నాకు చేతనయింది.

వానలు ముదిరాక పాతసామాను ఒక బండి తెచ్చాడు. ట్రాలీ మీద టార్పాలిను కప్పి, దాని పక్కన తడుస్తూ తనే నిలబడి వచ్చాడు. జన్మలో ఒక్కసారైనా దాని మీద ఎక్కాలని కోరికట. ఎవరి పెరట్లోనో తుప్పు పట్టి కనిపిస్తే ఆ పెరటి మనిషి చుట్టూ తిరిగి తిరిగి తెచ్చుకున్నాడు. రెండు సిలిండర్ల బండి. దాని ప్రత్యేకత ఏమిటంటే ఇంజనుని చట్రానికి బిగించకుండా రబ్బరు బుష్షుల మధ్య వేలాడదీశారు. నడిపేవాడి చేతులు తిమ్మిరెక్కకూడదని ఆ రోజుల్లో ఎవడికో వచ్చిన ఆలోచన.

మా ఆయన దానితో కాపురమే చేశాడు. ఇంజను విప్పి లోపల అరిగినవన్నీ మార్చాడు. పాత రబ్బర్లు రాయిలా గట్టిపడిపోతే కొత్తవి తనే కోసి, రుద్ది, ఒక్కొక్కటీ నొక్కి చూసుకుని ఎక్కించాడు. "చూడు, ఇంజను ఎంత ఊగినా బండికి తెలియదు," అని నాకు చూపించి మరీ సంబరపడ్డాడు. ఆ సంబరం ఎటు తీసుకుపోతుందో ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

స్టార్ట్ చేసే ఆదివారం ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు. పాతసామాను ట్యాంకుకి దణ్ణం పెట్టి కిక్కు మీద కాలు వేశాడు. రెండు కిక్కులు వట్టిపోయాయి, మూడోదానికి బండి అందుకుంది. నేను కాజాలు కుడుతున్నాను. అందుకున్న మరుక్షణమే ఇంజనులో మోత వినిపించింది. బండ మీద సుత్తి పడుతున్న మోత. నాలాంటిదానికే పంటి కింద రాయిలా తగిలింది.

మా ఆయన వచ్చి ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ కొత్త రబ్బర్ల వల్ల చేతి కింద ట్యాంకు నిద్రపోతున్నట్టు ఉండి ఉంటుంది. ఆయన మొహం విప్పారింది.

"పువ్వులా ఉంది," అన్నాడు.

లాంచింగు పాతసామాను వంక చూశాడు. డాక్టరు నేల చూపులు చూస్తున్నాడు. మా ఆయన యాక్సిలరేటరు పెంచాడు. మోత పెరిగింది. ఇంకా పెంచాడు. ఇంకొంచెం పెంచితే లోపల ముక్కలవుతుందని పాతసామానుకి తెలియదా? తెలుసు. ఆయన ప్రాణం ఆ బండిలోనే ఉంది. అయినా చెయ్యి చాపి ఆపలేకపోయాడు. మేస్త్రి కళ్ళు మూసుకున్నంతసేపు ఎవరూ కదలకూడదన్న ఆచారం వాళ్ళని అక్కడే నిలబెట్టేసింది.

నేను లేచి స్విచ్చి కొట్టాను. ఆయన కళ్ళు మూసి ఉన్నాయి కదా, తెలియలేదు. మళ్ళీ మళ్ళీ కొట్టాను. రెప్పల మీద వెలుగు మారిందేమో, కళ్ళు తెరిచాడు. ముందు నన్ను చూశాడు. తరువాత ఒక్కొక్కరి మొహం వరసగా చూశాడు. తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

"టీ ఇవ్వు అందరికీ," అన్నాడు.

తరువాతి ఆదివారం వాళ్ళు వచ్చారు కానీ ఆ రాక ఎందుకూ పనికిరాలేదు. డాక్టరు ఆయన మొహంలో మొహం పెట్టి ఒక్కో అక్షరం విడమరిచి అరిచాడు. లాంచింగు ఫోనులో టైపు చేసి చూపించాడు. మంచితనమే, కాదనను. కానీ ఆయనకి ఆ మంచితనం చెంపదెబ్బలా తగిలింది. ఆ పై ఆదివారం షెడ్డు తలుపు తీయలేదు. వాళ్ళు బయట కాసేపు గొడుగుల కింద నిలబడి వెళ్ళిపోయారు.

పళ్ళ డాక్టరే పట్టుబట్టి చెవి మిషను ఇప్పించాడు. అది పెట్టుకున్న రోజు ఆయన మొహం చూడలేకపోయాను. గరిటె పడ్డా, ఇంజను మోగినా, నేను పిలిచినా అన్నీ ఒకటే రేకు డబ్బా మోతట. మనుషులతో నాలుగు మాటలకి పనికొచ్చింది, ఇంజనుకి పనికిరాలేదు. షెడ్డులో అడుగు పెట్టడం మానేశాడు. నా ఎదురుగా కుర్చీ వేసుకుని, నేను కుడుతోంటే సూది పైకీ కిందికీ ఆడటం చూస్తూ కూర్చునేవాడు. పనిలేని మగాడు ఎదురుగా కూర్చుంటే గదిలో గాలి కూడా బరువెక్కుతుంది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగాడు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"వానలు మొదలైనప్పటి నుంచి."

"చెప్పలేదే."

"మెల్లగా చెప్తే మీకు వినపడదు. అరిచి చెప్పే మాటా అది?" అన్నాను.

ఆయన నా కుట్టుమిషను కింద రాలిన దారం ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. కానీ స్కూలువాళ్ళు సాయంత్రం వస్తామన్నారు, ఏడవడానికి తీరిక లేదు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో పాతసామాను వచ్చాడు. ఒక్కడే. వీధిలో ట్రాలీ ఆగి ఉంది.

"చెల్లెమ్మా," అన్నాడు నాతో, మా ఆయన వంక చూడలేక. "బండి తీసుకెళ్దామని... అవతల పేటలో ఇంకో మెకానిక్కు ఉన్నాడట. మేస్త్రికి ఎందుకు శ్రమ."

మా ఆయన పాతసామాను పెదాలు చదివాడు. ట్రాలీనీ చూశాడు. ఆ బండి గడప దాటితే దాని వెనకే ఈ ఇంట్లోంచి ఏం పోతుందో మా ముగ్గురికీ తెలుసు. ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళి టార్పాలిను లాగేశాడు.

"కిక్కు కొట్టు," అన్నాడు పాతసామానుతో. నన్ను పిలిచాడు. "నువ్వు రా. ఎలా ఉందో చెప్పు."

"నాకేం తెలుస్తుందండీ?"

"తెలియక్కర్లేదు. వినపడింది చెప్పు చాలు."

బండి అందుకుంది. అదే మోత.

"టకటకమంటోంది," అని అరిచాను.

"టకటకా అంటే? ఒక్క దెబ్బా, జంటగానా?"

"జంటగా అనుకుంటా..."

"ఏంటి?"

"జంటగా!"

"అనుకుంటావా, జంటగానా? రెండిటికీ మధ్య ఎడం ఎంత?"

నా గొంతులో ఇంక శక్తి లేదు. ఒక ఋతువంతా అరిచి అరిచి ఉన్నాను. పొద్దున్నుంచి మిషను మీద వంగి నడుం విరిగిపోతోంది. విసుగు నెత్తికెక్కింది. ఆయన చెయ్యి పట్టి లాగి, చొక్కా చెయ్యి పైకి తోసి, ముంజేతి మీద వేలితో కొట్టాను. కుట్టుపని చేసేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ అలాగే ఉంది. ఇంజను ఎలా మోగితే అలా కొట్టాను. రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా, కొంచెం ఖాళీ, మళ్ళీ రెండు. వినండి మీరే, అన్నంత కోపంగా కొట్టాను.

ఆయన అడగడం ఆపేశాడు. నిలబడ్డచోటే నిలబడి, మెల్లగా కళ్ళు మూసుకున్నాడు. చాలా రోజులకి ఆ మొహం చూశాను.

"ఆపకు," అన్నాడు.

కళ్ళు మూసుకునే రెండో చెయ్యి చాపి ముందు సిలిండరు ప్లగ్గు వైరు పీకాడు. బండి కుంటుతూ నడుస్తోంది, జంట దెబ్బ మాత్రం అలాగే ఉంది. అలాగే కొట్టాను. అది తగిలించి వెనకది పీకాడు. దెబ్బ మారింది. ముద్దగా అయింది. నా వేలూ మారింది.

"వెనక సిలిండరు. పిస్టను పిన్ను," అన్నాడు కళ్ళు తెరిచి. "ఆ పిన్ను చుట్టూ నేను వేసిన ఇత్తడి బుష్షే వదులుగా దిగింది. లోపల ఇంకేం పాడవలేదు. విప్పి కొత్తది వేస్తా."

పాతసామాను ఇంజను ఆపాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, పొగ వల్లనే అనుకోండి. వీధిలోకి వెళ్ళి, "నువ్వెళ్ళిపోవయ్యా, ఇవాళ బండి రాదు," అని ట్రాలీ అతనికి చెప్పాడు. తిరిగొచ్చి, ఇంతకుముందు మేస్త్రి నోరు విప్పాక అడిగినట్టే, "చెల్లెమ్మా, టీ ఉందా?" అన్నాడు.

దానితో కష్టాలు తీరాయని చెప్పను. నా పని రెండింతలైంది, అంతే. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పుడు ఆచారం మారింది. నేను వేలు ఆపేదాకా ఎవరూ టీ మింగకూడదు. "వదినా, కరెంటు కారు తెస్తే ఏం కొడతావు?" అని లాంచింగు ఎగతాళి చేస్తాడు. "నిన్ను కొడతాను," అంటాను. రాసుల కొద్దీ నీలం గుడ్డ పక్కన పెట్టి, లేచి, షెడ్డులో నిలబడి, ఇంకొకరి బండి రోగం మొగుడి చేతి మీద కొట్టడం. విసుగొస్తుంది. అయినా ఇప్పుడు బల్బు ఆరి వెలగకుండానే ఆయన నా వైపు తల ఎత్తి చూస్తున్నాడు.

ఆ ఏటికి అదే ఆఖరి వాన అనుకుంటాను. సాయంత్రం చెవి మిషను తీసేసి, కుర్చీలో కూర్చుని ఏదో బోల్టు నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. నేను చివరి లాగూలకి అంచులు కుడుతున్నాను. రేకుల మీద ఒక్కసారిగా మొదలైంది. ఆయనకి తెలియలేదు. కాసేపటికి వాకిట్లో నీళ్ళు కదలడం చూసి తెలుసుకున్నాడు. బోల్టు పక్కన పెట్టాడు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ముంజెయ్యి నా మిషను బల్ల మీద పెట్టాడు.

"పని ఉందండీ నాకు," అన్నాను.

చెయ్యి తీయలేదు.

ఇత్తడి టోపీ తీసి పక్కన పెట్టాను. అయిదు వేళ్ళతోనూ మొదలుపెట్టాను. చాలక రెండో చెయ్యి కూడా కలిపాను.

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"గట్టిగానే పడుతోందే," అన్నాడు.